తాడు చేతిలోనే ఉండాలి: ధర్మసాగర్‌లో ఆరు రోజులు

వరంగల్‌లో నల్లా తిప్పిన ప్రతి మనిషీ ధర్మసాగర్ చెరువును తాగినవాడే. ఆ నీళ్ల దగ్గరికి వెళ్లి చూసినవాళ్లు మాత్రం తక్కువ. వాటి మీద తెరచాప పడవ నడిపినవాళ్లయితే, నాకు తెలిసి, ఆ రోజుల్లో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందులో నేనొకణ్ని. గొప్పకు చెప్పడం లేదు. ఆ ఆరు రోజులూ భయపడ్డంతగా నా జన్మలో ఎప్పుడూ భయపడలేదు. వెళ్లనివాళ్లకు అక్కడి సంగతి చెబుదామనీ, రేపు వెళ్లేవాళ్లు నేను చేసిన పని చేయకుండా ఉంటారనీ రాస్తున్నాను.

నేను మరిపెడ బడిలో డ్రిల్లు సారును. పేరు సోమయ్య. మా నాన్నది అక్కడే కిరాణా దుకాణం. ఎనభైల మొదట్లో హైదరాబాద్‌లోని ఒక పడవల క్లబ్బు వాళ్లు, తాము వాడి పక్కన పెట్టిన రెండు చిన్న పడవలను మా జిల్లాకు ఇచ్చారు. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లెవరైనా, చిన్నా పెద్దా, పైసా కట్టకుండా వచ్చి పడవ నడపడం నేర్చుకోవాలని వాళ్ల ఆలోచన. నేర్పేవాళ్లు ముందు తయారు కావాలి కదా. అందుకని దసరా సెలవుల్లో ఎనిమిది మందికి శిక్షణ పెట్టారు.

మా హెడ్మాస్టరు పిలిచి, "నీకు ఈత వస్తది గద సోమయ్యా?" అన్నాడు.

"వస్తది సార్" అన్నాను. అబద్ధం కాదు. కానీ అది బావిలో నేర్చుకున్న ఈత. నడుముకు బెండు కట్టుకుని దూకడం, నాలుగు బారలు కొట్టి అవతలి గోడ పట్టుకోవడం, ఊపిరి తీసుకుని మళ్లీ ఇవతలి గోడకు రావడం. గోడ లేని నీళ్లలో నేను ఎప్పుడూ దిగలేదు. ఆ సంగతి హెడ్మాస్టరు అడగలేదు, నేను చెప్పలేదు.

తొర్రూరు దాకా

పొద్దున ఎక్కిన బస్సు తొర్రూరులో చాయ్‌కు ఆగింది. చాయ్ నలభై పైసలు, గ్లాసు నిండా ఇచ్చారు. వేడి మిరపకాయ బజ్జీ కొన్నాను గానీ గొంతు దిగలేదు. పక్క సీటులో ఉన్న ముసలాయన వర్ధన్నపేట దవాఖానకు పోతున్నాడు. బజ్జీ ఆయనకిచ్చాను.

"ఏడికి పోతానవ్ సారూ?" అన్నాడు, బజ్జీ కొరుకుతూ.

చెప్పాను.

"పడవలా? మన దిక్కు పడవలేడియి?"

"ధర్మసాగర్‌ల పెట్టిన్రు తాతా."

"అండ్ల లోతెంత?"

"తెల్వది."

"లోతు తెల్వకుంటనే దిగుతానవా?" అని, వర్ధన్నపేటలో దిగేదాకా నా మొహం వంక జాలిగా చూస్తూనే ఉన్నాడు. దవాఖానకు పోయేది ఆయన, జాలి నా మీద. అప్పుడే వెనక్కి పోయే బస్సెక్కితే ఏమవుతుందా అని ఆలోచించాను.

మట్టెవాడ

ఆ రాత్రికి వరంగల్‌ మట్టెవాడలో మా చిన్నమ్మ ఇంట్లో ఆగాను. కింద గిన్నెల దుకాణం, పైన ఇల్లు. మా ఊళ్లో సర్వపిండికి బియ్యప్పిండిని మందంగా ఒత్తుతారు, చిన్నమ్మ కాగితమంత పల్చగా ఒత్తి, గిన్నె అడుగున ఎర్రగా కాల్చింది. నువ్వులు పళ్ల కింద చిటపటలాడుతుంటే నాలుగు తిన్నాను. నల్లా వచ్చే వేళకు వీధి వీధంతా బిందెల చప్పుడు. చిన్నమ్మ రెండు బిందెలు పట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ఏందిరా కొడుకా, మేం తాగే నీళ్లల్ల మీరు పడవలు తిప్పుడేంది?"

"పర్మిషన్ తీస్కున్నరు చిన్నమ్మా."

"నువ్వు అండ్ల మునిగితె మాకు నల్ల బందైతది. జర మా కోసమన్న పైలం."

ఇద్దరం నవ్వాం. అప్పుడే పట్టిన నీళ్లు గ్లాసులో పోసి ఇచ్చింది. అందుకోగానే గ్లాసు ఊగి నీళ్లు అంగీ మీద ఒలికాయి.

"చెయ్యి వణుకుతాందేందిరా? భయమైతాందా?"

"నాకేం భయం? బస్సుల రాడ్ పట్టుకొని పట్టుకొని గట్లైంది."

చిన్నమ్మ ఒలికిన నీళ్లు కొంగుతో తుడిచింది. ఇంకో సర్వపిండి ముక్క పళ్లెంలో వేసింది.

కట్ట మీద

మర్నాడు హనుమకొండ చౌరస్తాలో బస్సు మారి ధర్మసాగర్‌లో దిగాను. ఊరు దాటి చెరువు కట్ట ఎక్కే దాకా నీళ్లు కనిపించవు. ఎక్కాక ఇంకేమీ కనిపించదు. అటు పక్క గుట్టల దాకా నీళ్లే. బతుకమ్మ పండుగ అయి నాలుగు రోజులైంది, వాడిన తంగేడు పూలు ఒడ్డుకు కొట్టుకొచ్చి రాళ్లకు అంటుకుని ఉన్నాయి. నా కళ్లు అవతలి గోడ కోసం వెతికాయి. సిగ్గు విడిచి చెబుతున్నాను, దిగిన బస్సు ఇంకా ఉందా అని వెనక్కి తిరిగి చూశాను.

మాకు నేర్పే పెద్దాయన పేరు అప్పన్న. భీమిలి దగ్గరి జాలరి కుటుంబం. చిన్నప్పుడు తెప్ప మీద వేటకు పోయి, తరువాత ఓడల్లో పనిచేసి, అప్పటికి ఊరూరా తిరిగి పడవలు నేర్పుతుండేవాడు. అరవై దాటినా మనిషి చెక్కిన కర్రలా ఉన్నాడు. అందరినీ కట్ట మీద చాప పరిచి కూర్చోబెట్టి, పడవ ముట్టుకోనివ్వకుండా మూడు ప్రశ్నలు అడిగాడు.

"ఏం పని సేసీవోరు? నీళ్లతోటి మీకు ఏటి సంబంధం? దేనికి బయపడతారు? ఈ మూడూ సెప్పాలి. సెప్పినాకే పడవ."

ముందు రాజమ్మ చెప్పింది. ఆ ఊరి ఆమే, నలభై ఏళ్లుంటాయి. లారీ ట్యూబుల మీద చెక్కలు కట్టి, దాని మీద కూర్చుని చేపలు పడుతుంది. మా ఎనిమిది మందిలో ఒకతే ఆడమనిషి.

"నా వలనే నా కాలుకు సుట్టుకుంటదేమో అని భయం. గందుకే సూడుండ్రి" అని బొడ్లోంచి చిన్న చాకు తీసి చూపింది. "ఇది లేంది నేను నీళ్లల్లకు పోను."

తరువాత లింగమూర్తి. వరంగల్‌లో బట్టల మిల్లు కార్మికుడు. పడవలతో పాటు వచ్చిన తెరచాపలు రెండూ చినిగి ఉంటే, వాటిని చేత్తో కుట్టి నిలబెట్టింది అతనే. ఆ పని చేస్తూ చేస్తూ తనకూ నేర్చుకోవాలనిపించిందట.

"నాకు ఈత రాదు. నీళ్లంటెనే భయం. చప్పుడు లేని నీళ్లంటె ఇంకా భయం. మిల్లుల పనిచేసెటోణ్ని గద, చప్పుడు ఆగిందంటె ఏదో కరాబైనట్టనిపిస్తది" అన్నాడు. అందరూ నవ్వారు, అతను కూడా నవ్వాడు.

నా వంతు వచ్చింది. డ్రిల్లు సారును, ఈత వచ్చినవాణ్ని, లాగూ బనీనుతో ఛాతీ విరుచుకుని కూర్చున్నవాణ్ని. "నాకేం భయం లేదు" అన్నాను.

అప్పన్న గారు నా వైపు తిరిగాడు. "నన్ను అడగరేటి, నా బయమేటో? 'నాకు బయం నేదు' అన్నోడంటే నాకు బయం. అలాటోడితో ఒకపాలి పడవెక్కినాను. నానొచ్చినాను, ఆడు రానేదు" అన్నాడు.

చెప్పిన మాట వెనక్కి తీసుకోవడానికి అదే సమయం. తీసుకోలేదు.

కావాలని పడేయడం

పడవ నేర్పేవాళ్లకు ఒక ఆచారం ఉంది. రెండో రోజు పొద్దున్నే పడవను కావాలని బోల్తా కొట్టిస్తారు. పడటం ఎలా ఉంటుందో తెలిస్తేనే మనిషి నేర్పడానికి పనికొస్తాడట. మా దగ్గర కొత్తగా సైకిలు నేర్చుకునేవాణ్ని పడకుండా వెనక పట్టుకుంటారు, ఇక్కడ తోసేస్తారు.

నన్ను తీసుకెళ్లి పడేశారు. లైఫ్ జాకెట్ ఉంది, మునగను. ఆ సంగతి బుద్ధికి తెలుసు గానీ చేతులకు తెలియదు. రెండు చేతులూ గోడ కోసం చాపాను. గోడ లేదు. మళ్లీ చాపాను. నోట్లోకి నీళ్లు పోయాయి. కాళ్ల కింద చల్లగా ఉంది, ఇంకా కిందికి పోయే కొద్దీ ఇంకా చల్లగా ఉంటుందని తెలుస్తూ ఉంది. పడవ అంచు చేతికి దొరికాక, దాన్ని వదలమని అప్పన్న గారు నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చింది.

లింగమూర్తి పడ్డప్పుడు గావుకేక పెట్టాడు. పైకి వచ్చాక వణుకుతూ, "అయ్యా, తెరచాప కింద పడితె ఎట్ల?" అని అడిగాడు. నేను అడగాలనుకున్న ప్రశ్న అది, భయం లేనివాణ్ని కనుక అడగలేకపోయాను.

"ఒక సెయ్యి పైకెత్తి గుడ్డను లేపు, గాలి ఆడద్ది. రెండో సెయ్యితో కుట్టు ఎతుక్కో. దొరికిన కుట్టు వదలకుండా ఎల్లిపో. ఏ కుట్టయినా అంచుకే పోద్ది" అన్నాడు అప్పన్న గారు.

మధ్యాహ్నం అన్నం రాజమ్మ ఇంట్లో. చేపలు తినని నాకోసం పచ్చిపులుసు కలిపింది. మరిపెడలో నువ్వులపొడి వేస్తాం, ఆమె కాల్చిన మిరపకాయ నలిపి వేసింది. అప్పన్న గారికి చింతపండు కాచకుండా తాగడమే వింత. "ఇది పులుసేటి? పొయ్యెక్కనేదు కదా!" అని రెండు గ్లాసులు తాగాడు. నాకు ఆ రోజు ఏ రుచీ తెలియలేదు, ముక్కులోంచి ఇంకా చెరువు నీళ్లే వస్తున్నాయి.

మూడో రోజు, నాలుగో రోజు తాడు పాఠం. తెరచాపకు ఒక తాడు ఉంటుంది. లాగితే తెరచాప గాలికి బిగుస్తుంది, వదిలితే వదులై రెపరెపలాడుతుంది. పడవ ఒరుగుతుంటే చేయాల్సింది ఒకటే, తాడు వదిలేయాలి. అందుకే తాడును దేనికీ కట్టకూడదు, చేతిలోనే ఉండాలి. ఈ మాట ఆయన రోజుకు ఇరవైసార్లు చెప్పేవాడు. రాజమ్మ మాకు గాలి నేర్పింది. "గా గుట్టల సందుల నీళ్లు నల్లగైతె సూడు. గాలి వస్తాందన్నట్టు. గీడికొచ్చుడు ఎంతసేపు? నువ్వు తుమ్మినంతసేపు" అనేది.

ముడి

ఐదో రోజు మధ్యాహ్నం పడవ నా చేతికిచ్చారు. ముందు లింగమూర్తి, వెనక చుక్కాని దగ్గర నేను. ఒడ్డునూ, ట్యూబుల తెప్ప మీద కాపు కాస్తున్న రాజమ్మనూ దాటి దూరం పోయాం. అప్పటికి నైలాను తాడు లాగి లాగి నా అరచేతులు పుండ్లు పడ్డాయి. మబ్బు కమ్ముతోంది. తాడు జారితే ఎలా, జారి పడవ అడ్డం తిరిగితే ఎలా అని గుండె కొట్టుకుంటోంది. భయానికి ఏదో ఒకటి గట్టిగా పట్టుకోవాలనిపిస్తుంది. నా చేతులు అడగకుండానే ఒక పని చేశాయి. పడవ అంచుకున్న ఇనుప కొండీకి తాడును రెండు చుట్లు చుట్టి, కొస లోపలికి తోసి బిగించాను.

అది మా దుకాణం ముడి. పదేళ్ల వయసు నుంచి బస్తాలకూ మూటలకూ వేస్తున్న ముడి. లాగిన కొద్దీ బిగుస్తుంది. మా నాన్న వేసిన ముడి లారీ మీద హైదరాబాద్ దాకా పోయినా ఊడదని మా బజారులో పేరు. వేయగానే నాకు ప్రాణం కుదుటపడింది. ఐదు రోజుల్లో మొదటిసారి హాయిగా ఊపిరి తీసుకున్నాను.

గుట్టల సందులో నీళ్లు నల్లబడ్డాయి. చూశాను. కొండీ వైపు చెయ్యి పోనిచ్చేలోపు గాలి తాకింది. పడవ ఒరిగింది. ముడి పట్టి లాగాను, గోరు విరిగింది గానీ ముడి కదల్లేదు. "తాడు ఇడువన్నా! తాడిడువు!" అని లింగమూర్తి అరుస్తున్నాడు. నేనేమి విడవను? అది నా చేతిలో లేదు. మరుక్షణం పడవ పక్కకు పడిపోయింది.

నేను ఇటు పడ్డాను, పడవ పక్క దొరికింది, రెండు చేతులా కరుచుకున్నాను. లింగమూర్తి అటు పడ్డాడు, తెరచాప అతని మీద పడింది. నీళ్ల మీద తెల్లగా పరుచుకున్న గుడ్డ, దాని కింద ఒకచోట చిన్న ఉబ్బు. అది అతని చెయ్యి. పడవ చుట్టూ నాలుగు బారలు ఈదితే గుడ్డ అంచు నాకు అందుతుంది. నాకు ఈత వచ్చు. ఒంటి మీద జాకెట్ ఉంది. ఐనా నా చేతులు పడవను వదల్లేదు. ఇంతకంటే సిగ్గుపడే సంగతి నా బతుకులో లేదు. అక్కడే వేలాడుతూ "రాజమ్మా! రాజమ్మా!" అని కేకలు పెట్టాను.

గుడ్డ కింది ఉబ్బు కదిలింది. మెల్లగా, ఒకే గీత మీద, పక్కకు జరుగుతూ పోయింది. ఆగింది. మళ్లీ జరిగింది. అంచు దగ్గర ముందు నాలుగు వేళ్లు, తరువాత తల బయటికి వచ్చాయి. అప్పటికి ట్యూబుల తెప్ప మీద చేరుకున్న రాజమ్మ అతని జుట్టు పట్టి పైకి లాగింది. తరువాత నా దగ్గరికి వచ్చి, ముడి మీద ఒకసారి చెయ్యి వేసి చూసి, బొడ్లోంచి చాకు తీసి తాడు కోసింది.

ఒడ్డున లింగమూర్తి కక్కిన నీళ్లు చూస్తుంటే నాకు కళ్లు తిరిగాయి. కాసేపటికి అతను లేచి కూర్చుని, "నేను కుట్టిన కుట్టే. తడుముకుంట పోయిన. నడుమ ఒకకాడ దారం పోగు లేసి ఉండె, అంచుకు దగ్గర నేను తెంపిన పోగది, ఇగ అంచు దగ్గరికే వచ్చిన అనుకున్న" అన్నాడు. మిల్లులో నేర్చిన పని అతన్ని బయటికి తెచ్చింది. దుకాణంలో నేను నేర్చిన పని అతన్ని లోపలికి తోసింది.

సాయంత్రం అప్పన్న గారు కోసిన తాడు ముక్కను, ముడితో సహా, చాప మధ్యలో పెట్టాడు.

"ఇది ఎవలి ముడి?"

లింగమూర్తి నా వైపు చూడలేదు. తల వంచుకుని కూర్చున్నాడు. నేనూ తల వంచుకున్నాను. ఎవరూ పలకకపోతే అప్పన్న గారు ఆ ముక్కను అక్కడే వదిలి లేచిపోయాడు. ఆ రాత్రి మాకు బస ఇచ్చిన ఊరి బడి వరండాలో పడుకుంటే, కళ్లు మూసినప్పుడల్లా ఆ ఉబ్బు ఆగినచోట ఆగిపోయేది.

ఖాళీ పడవ

చివరి రోజు పొద్దున పరీక్ష. రాసేది ఏమీ లేదు. ఒక్కొక్కరే పడవలో చుక్కాని దగ్గర కూర్చోవాలి. మిగతావాళ్లలో ఎవరికైనా ఇష్టమైతే వచ్చి ముందు కూర్చుంటారు. ఎవరో ఒకరు కూర్చుంటే అతను నేర్పడానికి పనికొస్తాడు. ఎవరూ కూర్చోకపోతే ఇంటికి పోవాలి. రాజమ్మ పడవలో కూర్చోవడానికి నలుగురు ఎగబడ్డారు.

నా పేరు పిలిచారు. నేను పడవ ఎక్కలేదు. ఒడ్డునే నిలబడ్డాను.

"గా ముడి నాది" అన్నాను. "లింగమూర్తిది కాదు. నేనే కట్టిన. మా దుకాణంల కట్టే ముడి. మొదటిరోజు భయం లేదని అబద్ధం చెప్పిన. నాకు బాయిల ఈత వస్తది, గోడ లేంది నీళ్లల్ల నాకు భయం. పొద్దుగాల లేసిన కాడికెల్లి పండుకునేదాక భయమే. నిన్న నేను ఈది రావచ్చుండె, రాలే."

చెప్పి, వెళ్లి పడవలో కూర్చున్నాను. ముందు చెక్క ఖాళీగా ఉంది. ఎవరూ కదల్లేదు, ఎందుకు కదలాలి? పడవకు అలలు తగులుతున్న చప్పుడు వింటూ, సంచీ సర్దుకోవడం గురించి ఆలోచిస్తున్నాను.

నీళ్లలో అడుగుల చప్పుడైంది. లింగమూర్తి. మోకాలి లోతు దాకా వచ్చి ఆగాడు. మొహం పాలిపోయి ఉంది.

"తాడు నీ చేతులనే ఉంటది గదన్నా?"

"ఉంటది."

"నాకు భయమైతాంది."

"నాగ్గూడ."

ఎక్కి ముందు చెక్క మీద కూర్చున్నాడు. అప్పన్న గారు మెడ తిప్పుకుని గుట్టల వైపు చూస్తూ నిలబడ్డాడు.

పోయాం. నిన్నటి చోటు దాకా పోయాం. అరచేతి పుండ్ల మీద రాజమ్మ గుడ్డ కట్టి ఇచ్చింది, ఐనా తాడు నిప్పులా కాలుస్తోంది. గుట్టల సందులో నీళ్లు నల్లబడ్డాయి. "వస్తాందన్నా" అన్నాడు లింగమూర్తి, పడవ అంచు పట్టుకుని. గాలి తాకింది, పడవ ఒరిగింది, నా ఒంట్లో ప్రతి ఎముకా గట్టిగా పట్టుకో పట్టుకో అంటోంది. చెయ్యి తెరిచాను. తాడు జర్రున జారిపోయింది. తెరచాప వదులై ఫటఫటమని కొట్టుకుంది, ఒరిగిన పడవ లేచి నిటారుగా నిలబడింది.

ఆ మోత చెవులు పగిలేలా ఉంది. లింగమూర్తి వెనక్కి తిరిగి, మొదటిసారి పళ్లు కనిపించేలా నవ్వాడు. "చప్పుడు మంచిగున్నదన్నా! మిల్లుల ఉన్నట్టే ఉన్నది!" అని అరిచాడు.

మళ్లీ మట్టెవాడ

తిరుగు ప్రయాణంలో మట్టెవాడలో దిగాను. నల్లా వచ్చే వేళ. చిన్నమ్మ నా చేతుల కట్లు చూసి, గ్లాసుతో నీళ్లు తెచ్చింది. రెండు చేతులా పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. అవే నీళ్లు. చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది, ఈసారీ కొంచెం ఒలికాయి.

"భయమైందారా?" అంది చిన్నమ్మ.

"ఐంది చిన్నమ్మా. మస్తు భయమైంది. వచ్చే ఐతారం మళ్ల పోవాలె, పిల్లలకు నేర్పేటందుకు. ఇప్పటి సంది భయమైతాంది."

చిన్నమ్మ నా తల మీద చెయ్యి వేసింది. "గిప్పుడు నిజం చెప్పినవ్. నీళ్లు తాగు, అన్నం పెడ్త" అని వంటింట్లోకి వెళ్లింది.